ఎండ తగిలిన సీసాలు

కనకమహాలక్ష్మి తన జీవితంలో మొదటిసారి బీరు సీసాను చేత్తో పట్టుకున్నది నలభై ఎనిమిదో ఏట. అదీ ఉద్యోగంలో భాగంగా.

ఆమె పుట్టింది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో. తండ్రి నూకరాజు గూడ్సు బండ్లకు గార్డు. విజయనగరం దగ్గర పల్లె నుంచి ఉద్యోగానికని వచ్చి, మళ్ళీ అటు తిరిగి చూడనివాడు. ఉద్యోగంలో ఉండగానే భార్య పోయింది. రిటైరైన ఏడాదికే పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. క్వార్టరు ఖాళీ చేసి లింగియాడీహ్‌లో రెండు గదుల అద్దె ఇంటికి మారారు. కొడుకు సన్యాసిరావుకు అప్పటికే లోకో షెడ్డులో ఉద్యోగం, పెళ్ళి, పాప. తండ్రి దగ్గర ఉండడానికి మిగిలింది మహాలక్ష్మి. పదకొండేళ్ళు ఆయన్ని చూసుకుంటూ ఉంది. మధ్యలో వచ్చిన సంబంధాలు మంచంలో ఉన్న మనిషిని చూసి వెనక్కి వెళ్ళాయి. కొన్నాళ్ళకు రావడం మానేశాయి.

తండ్రి పోయాక అన్నయ్య తన ఇంటికి వచ్చి ఉండమన్నాడు. వదిన జయలక్ష్మి ఉండమనలేదు. మహాలక్ష్మికి ఆ తేడా తెలుసు కాబట్టి, వెళ్ళలేదు.

స్టేషన్ రోడ్డులోని ఒక హోటల్లో దుప్పట్లు, తలగడ గలీబులు, తువ్వాళ్ళు చూసుకునే పనిలో కుదిరింది. ఉతికించడం, ఆరేయించడం, మడత పెట్టించడం, లెక్కగా గదులకు పంపడం. ఆమె ముక్కు చాలా చురుకైనది. ఒక దుప్పటి ఎండలో ఆరిందా, ఫ్యాను కింద ఆరిందా అని కళ్ళు మూసుకుని చెప్పేది. ఫ్యాను కింద ఆరినదాన్ని మళ్ళీ మేడ మీదికి పంపేది. ఎండ తగిలితే ఏదైనా బాగుపడుతుందని తల్లి నేర్పింది. ఒడియాలైనా, పరుపులైనా, పసిపిల్ల ఒళ్ళైనా అంతే.

హోటలు కింది అంతస్తులో బారు ఉంది. ఆ బారు సామాన్ల గది చూసే మనిషి మానేసి రాయ్‌పూర్ వెళ్ళిపోతే, మేనేజరు దూబే ఒకరోజు ఆమెను పిలిచి తాళాల గుత్తి చేతిలో పెట్టాడు.

"లక్ష్మీ దీదీ, తాగని మనిషి దగ్గర తాళాలుంటే నాకు నిద్ర పడుతుంది. నాలుగు నెలలు చూడు. నచ్చకపోతే మళ్ళీ దుప్పట్లకే వెళ్ళిపోదువుగాని," అన్నాడు హిందీలో.

ఆమె వద్దనలేకపోయింది. అన్నయ్యకు మాత్రం చెప్పలేదు. హోటల్లో స్టోరు చూస్తున్నానంది, అంతే. అది అబద్ధమూ కాదు.

సామాన్ల గది వంటింటి వెనక, కిటికీ లేని చీకటి కొట్టు. ఆ జూలైలో వానలు గట్టిగా పడ్డాయి. గోడలు చెమర్చాయి. బీరు సీసాల అట్టపెట్టెలు అడుగున మెత్తబడి, ఒకటి ఎత్తుతుంటే కింద ఊడిపోయి ఆరు సీసాలు పగిలాయి. మిగతా పెట్టెల మీద బూజు. మహాలక్ష్మికి ఒళ్ళు జలదరించింది. దుప్పట్లయితే ఇలా ఉంచుతామా అనుకుంది. పక్కనే వాడకుండా పడి ఉన్న పాత వరండా గది ఉంది, ఒక పక్కంతా అద్దాల కిటికీలు. దూబేను అడిగి దాన్ని కడిగించింది. తడిసిన అట్టపెట్టెలన్నీ విప్పి పారేసి, సీసాలను గుడ్డతో తుడిచి, ఇనుప అరల్లో రంగుల వారీగా నిలబెట్టింది. ముదురు గోధుమరంగువి ఒక పక్క, ఆకుపచ్చవి ఒక పక్క, తెల్లగాజువి మధ్యలో. సెప్టెంబరు నెలాఖరులో వాన తెరిపిచ్చి ఎండ కాసినప్పుడు ఆ గది చూడడానికి ముచ్చటగా ఉండేది. దూబే అతిథులకు కూడా చూపించాడు.

"దుకాణంలా ఉంది దీదీ," అన్నాడు.

ఆ హోటల్లో ఆమెతో తెలుగులో మాట్లాడే మనిషి ఒక్కడే. చంద్రమౌళి. కొత్తగూడెం నుంచి వచ్చి బొగ్గు కంపెనీ ప్రయోగశాలలో ముప్పయ్యేళ్ళు బొగ్గు పరీక్షలు చేసి రిటైరైనవాడు. భార్య పోయి చాలా కాలమైంది. ప్రతి శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వచ్చి, మూల బల్ల దగ్గర కూర్చుని ఒక ఆకుపచ్చ సీసా తాగి వెళ్ళేవాడు. వెళ్ళేముందు వంటింటి వెనక్కి వచ్చి పలకరించేవాడు.

"తిన్నవా మహాలక్ష్మమ్మా?"

"తిన్నానండి. మీరేటి, ఈవేళ లేటయ్యేరు?"

అంతే మాటలు. కానీ ఆ హోటల్లో వారమంతా ఆమె నోట వచ్చే తెలుగు అదే.

అక్టోబరు మొదటి వారంలో గొడవ మొదలైంది. ఇద్దరు అతిథులు బీరు బాలేదని తిప్పి పంపారు. మర్నాడు ఇంకో నలుగురు. కుళ్ళిన వాసనొస్తోందన్నారు. ఒకాయన గ్లాసు బల్ల మీద బోర్లించి లేచిపోయాడు. సీసాల మీద తేదీలు చూస్తే గడువు ఇంకా నాలుగు నెలలుంది. ఫ్రిజ్ బాగానే పనిచేస్తోంది. దూబే ఆలోచించి, సరుకే చెడ్డదని తేల్చాడు. సప్లయరుకు ఫోన్ చేసి కేకలేశాడు. ఆ సప్లయరు తరఫున సరుకు దింపే మనిషి ఒకడుండేవాడు, తఖత్‌పూర్ వాడు, యాభై దాటినవాడు. దారిలో సీసాలు మార్చి ఉంటాడన్న అనుమానం అతని మీదికి వెళ్ళింది. అతను వచ్చి వరండా గది గుమ్మంలో నిలబడి, "మాతా కసమ్, నేను మూత కూడా ముట్టుకోలేదు దీదీ," అని ఒట్టు పెట్టి రెండు చేతులూ జోడించాడు.

మహాలక్ష్మికి ఆ జోడించిన చేతులు రెండు రోజులు కళ్ళ ముందే ఉన్నాయి.

శనివారం చంద్రమౌళి వచ్చాడు. ఎప్పటిలాగే తన సీసా తాగి, పలకరించడానికి మొదటిసారి వరండా గది లోపలికి వచ్చాడు. సీసా బాలేదని అనలేదు. ఆమెకు ఆశ్చర్యం వేసింది.

"అందరూ వాసనంటన్నారు కదండీ. మీకు రాలేదేటి?"

ఆయన తన ముక్కు తట్టి చూపించాడు. తర్వాత నవ్వాడు.

"నాకు ముక్కు లేదమ్మా. కరోనా అప్పుడు పోయింది. నాలుగేండ్లు దాటింది, మల్ల రాలే. మల్లెపూవు పెట్టినా అంతే, కిరసనాయిలు పెట్టినా అంతే."

"మరి తాగుతారెందుకండీ?"

"చేదు తెలుస్తది కదా నాలుక మీద. చల్లదనం తెలుస్తది. వారానికొక నాడు ఎక్కడికన్న పోవాలె కదా మనిషి."

ఆయన చేతికర్ర తీసుకుని కిటికీ వైపు నడిచి, ఎండలో మెరుస్తున్న అరలను చూసి ఆగిపోయాడు.

"ఇవి ఎన్ని దినాల సంది ఈడ ఉన్నయి?"

"వానల నుంచి. అట్టపెట్టెలు తడిసిపోతంటే నేనే విప్పీసి పెట్టేను."

"వాసన ఎట్లున్నదో నువ్వు చూసినవా?"

"నేనా? అబ్బే."

"చూడు. ఒకటి తెరిచి చూడు. నేను చూడలేను కదా."

మహాలక్ష్మి తలుపు దగ్గరికి వేసింది. కిటికీ పక్కనున్న ఆకుపచ్చ సీసా ఒకటి తీసి, మూత ఊడదీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. తల వెనక్కి పోయింది. కాలిన రబ్బరుకీ మురిగిన వెల్లుల్లికీ మధ్య వాసన, అడుగున తడిసిన పిల్లి వాసన. తర్వాత, ఎందుకో తనకే తెలియకుండా, అర వెనక వరసలో చీకటిగా ఉన్న మూల నుంచి ఒక గోధుమరంగు సీసా తీసి అదీ తెరిచింది. ఇది వేరు. నానబెట్టిన బార్లీ, పులిసిన పిండి, దూరంగా ఏదో ఆకు చేదు. చెడ్డగా లేదు.

"ఒకటి పాడయింది, ఒకటి బావుంది," అంది.

చంద్రమౌళి పక్కనున్న ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు. అప్పుడాయన ముఖం రిటైరైన మనిషి ముఖంలా లేదు.

"హాప్స్ అని ఒక తీగకు పూసే పువ్వుంటదమ్మా. బీరుకు చేదు దానితోనే. వెలుతురు పడితే ఆ చేదు విరుగుతది. విరిగిన ముక్క పోయి బీరులో ఉండే గంధకంతోని కలుస్తది. ఇగ అదే నువ్వు చూసిన వాసన. గోధుమరంగు గాజు వెలుతురును చానా వరకు ఆపుతది. పచ్చ గాజు కొంచెమే ఆపుతది. తెల్ల గాజు అసలు ఆపదు. ఎండలో అయితే గంట కూడా అక్కర్లేదు. ట్యూబులైటుకైనా మెల్లమెల్లగ అదే గతి."

"అంటే... నేనే పాడుచేసేనా?"

ఆయన కర్రతో కిటికీ వైపు చూపించాడు.

ఆ రాత్రి లింగియాడీహ్ గదిలో ఆమె అన్నం సహించక లేచిపోయింది. తను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. సప్లయరు మారతాడు, కొత్త సరుకొస్తుంది, తను మెల్లగా కిటికీలకు ఏదైనా అడ్డం పెట్టేస్తే సరిపోతుంది. కానీ తఖత్‌పూర్ మనిషి పని పోతుంది. తెల్లారి డ్యూటీకి వెళ్ళగానే దూబే గదిలోకి వెళ్ళి, నిలబడే చెప్పేసింది. తప్పు సరుకుది కాదనీ, తనదేననీ, వెలుతురులో పెట్టింది తనేననీ.

దూబే నమ్మలేదు. "వెలుతురు పడితే బీరు పాడవుతుందా? పాలా ఏంటి?" అన్నాడు. "ఎవరో నిన్ను భయపెట్టి చెప్పించారు."

"ఎవరూ చెప్పించలేదు సార్. చూపిస్తాను."

ఎలా చూపించాలో, కబురు పంపితే వచ్చి, చంద్రమౌళి చెప్పాడు. ఎండ వేడి వేరు, వెలుతురు వేరు, రెండూ కలిపితే ఎవరూ ఒప్పుకోరన్నాడు. కొత్త పెట్టె ఒకటి తెప్పించి, విప్పకుండా ఉన్నదే, అందులోంచి ఆరు ఆకుపచ్చ సీసాలు తీశారు. రెండు మేడ మీద ఎండలో పెట్టారు. రెండు నల్ల ప్లాస్టిక్ సంచిలో చుట్టి అదే ఎండలో పెట్టారు. రెండు గదిలోనే ఉంచారు. గంటన్నర తర్వాత అన్నీ ఐసులో పెట్టి ఒకే చలికి తెచ్చారు. చంద్రమౌళీ, ఇద్దరు వెయిటర్లూ చూస్తుండగా దూబేనే స్వయంగా బారు బల్ల మీద ఆరు గ్లాసుల్లో పోశాడు. ఏ గ్లాసులో ఏదో అతను చీటీ మీద రాసుకునేదాకా మహాలక్ష్మి గోడ వైపు తిరిగి నిలబడింది. తఖత్‌పూర్ మనిషి సాక్ష్యం కోసమని తన ఫోన్లో వీడియో తీస్తూ ఉన్నాడు. సప్లయరుకు పంపి తన ఉద్యోగం కాపాడుకోవాలని అతని ఆశ.

"ఇక చూడు దీదీ," అన్నాడు దూబే.

ఆమె వరసగా ఒక్కో గ్లాసూ ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. తాగలేదు. రెండోదాని దగ్గర ఆగింది, దించింది. అయిదోదాని దగ్గర మళ్ళీ ఆగింది.

"ఈ రెండూ," అంది.

దూబే తన చీటీ చూసుకున్నాడు. రెండో గ్లాసు, అయిదో గ్లాసు. ఏమీ చుట్టకుండా ఎండలో పెట్టినవి అవే. నల్ల సంచిలోవి, అదే ఎండకు వేడెక్కినా, బాగానే ఉన్నాయి. అతను కూడా వాసన చూశాడు, ముఖం చిట్లించాడు, కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు," అన్నాడు చివరికి. తిట్టాలా మెచ్చుకోవాలా తెలియని గొంతు.

పాడైన సీసాలన్నీ పెరట్లో కాలవలో పారబోశారు. వాసన సాయంత్రం దాకా పోలేదు. ఆమె ఉద్యోగం పోలేదు. తఖత్‌పూర్ మనిషిదీ పోలేదు. అతను మర్నాడు వచ్చి రతన్‌పూర్ అమ్మవారి ప్రసాదం ఇచ్చి వెళ్ళాడు.

సరుకు మళ్ళీ చీకటి కొట్టులోకి చేరింది. ఈసారి మహాలక్ష్మి పద్ధతిగా చేసింది. చెమ్మ తగలకుండా కింద చెక్కలు పరిపించింది. గోడలకు సున్నం కొట్టించింది. పాత పరదాలకు నల్ల అస్తరు తనే కుట్టి గుమ్మానికి రెండు పొరలు వేలాడదీసింది. ఆకుపచ్చవీ తెల్లవీ అట్టపెట్టెల్లోనే ఉండాలి, విప్పకూడదు. గోధుమరంగువే బయట అరల్లో. ముందొచ్చింది ముందు పోవడానికి పెట్టెల మీద సుద్దతో తేదీలు. ఒక్కటే చిన్న పసుపు బల్బు, మనిషి లోపల ఉన్నంతసేపే. బారులో అద్దాల తలుపు ఫ్రిజ్‌లో వెలిగే లైటు తీయించేసింది. అందంగా ఉండదని దూబే గొణిగాడు గానీ అడ్డు చెప్పలేదు.

ఆ చీకట్లో పనిచేయడం ఆమె నెల రోజుల్లో నేర్చుకుంది. తడిమి చూసి ఏది ఏ సీసానో చెప్పగలదు. పరదా వేశాక బయటి మాటలేవీ వినిపించవు. స్టేషన్లో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పే గొంతు మాత్రం గోడ దాటి వస్తుంది. చిన్నప్పుడు తండ్రి డ్యూటీ దిగే బండి కోసం ఆ గొంతు వినేది. ఇప్పుడు ఏ బండిలోనూ ఎవరూ రారు. అయినా వినేది.

వీడియో సంగతి ఆమె మరచిపోయింది. వీడియో ఆమెను మరచిపోలేదు. తఖత్‌పూర్ మనిషి సప్లయరుకు పంపాడు. అక్కడి నుంచి ఎవరి ద్వారా ఎలా వెళ్ళిందో, నవంబరు చివరికి రైల్వే కాలనీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడింది. మాటలేవీ లేవు. నలుగురు మగవాళ్ళ మధ్య, బారు బల్ల ముందు, వరసగా ఆరు గ్లాసులు, వాటిని ఒకదాని తర్వాత ఒకటి మొహం దగ్గరికి ఎత్తుతున్న మహాలక్ష్మి. అంతే.

సన్యాసిరావు ఫోన్ చేశాడు.

"ఏటే ఇది?"

"ఏటి అన్నయ్యా?"

"ఏటంటావేటి? ఫోన్లో అందరూ చూస్తన్నారు. షెడ్డులో నా మొహం మీదే నవ్వుతన్నారు. స్టోరన్నావు, బారు స్టోరని చెప్పేవా?"

"వాసన చూసేనన్నయ్యా, తాగలేదు. సరుకు ఎందుకు పాడయిందో చూపించడానికి..."

"చూసినోళ్ళకి ఏటి తెలుస్తాది, తాగేవో వాసనే చూసేవో?"

వదిన ఫోన్ లాక్కుంది.

"చూడు మహాలక్ష్మీ, నేను నిన్నేటీ అనను. పెళ్ళికొడుకోళ్ళు అదే గ్రూపులో ఉన్నారు. స్వాతి పెళ్ళి మే నెలలో. అయ్యే దాకా నువ్వు ఇటు రాకు. పెళ్ళికి కూడా... అచ్ఛా, నీకు చెప్పక్కర్లేదు గదా, తెలిసినదానివి."

స్వాతి ఆమె మేనకోడలు. పసిపిల్లప్పుడు తాత మంచం పక్కనే పెరిగింది. ఒక చేత్తో తండ్రికి గంజి పట్టిస్తూ, ఇంకో చేత్తో ఆ పిల్లను ఊపిన రోజులు ఎన్నో. "సరే వదినా," అంది మహాలక్ష్మి.

ఆదివారాలు రైల్వే కాలనీ గుడికి వెళ్ళేది. డిసెంబరులో వెళ్తే, పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు కొంగు సర్దుకుంటున్నట్టు సర్దుకుని కాస్త జరిగారు. జరిగింది జానెడే. ఆమె ఆ జానెడూ చూసింది. తర్వాత గుడికి ఎవరూ లేని మధ్యాహ్నం వేళ వెళ్ళేది. తర్వాత మానేసింది.

శనివారాలు మాత్రం మిగిలాయి. చంద్రమౌళికి వీడియో సంగతి చెప్పింది.

"నేనే కదా చెయ్యమన్నది," అన్నాడాయన తల వంచుకుని. "ఫోన్ లోపల పెట్టుమని చెప్పాలె. తోచలే."

"మీదేటి తప్పండీ."

ఏప్రిల్ మొదట్లో ఆయన ఒక మామూలు రోజు, మంగళవారం, వచ్చాడు. బల్ల దగ్గరికి వెళ్ళకుండా నేరుగా వెనక్కి వచ్చాడు. మోకాళ్ళు పనిచేయడం లేదనీ, కొత్తగూడెంలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతున్నాననీ చెప్పాడు. అక్కడ ఇల్లు కింది అంతస్తులో ఉందట.

"ఎప్పుడండీ?"

"ఈ పొద్దే. మూడింటి బండి."

ఆమె చేతులు తుడుచుకుంది. ఇవ్వడానికి ఏమీ లేదు. ఆయన ఆగి, "నీ ముక్కు మంచి ముక్కు తల్లీ. నా ల్యాబులో ఉంటే మస్తు పనికొచ్చేది," అన్నాడు. వెళ్ళిపోయాడు. మూడింటికి గోడ అవతల గొంతు ఆ బండి పేరు చెప్పింది. ప్లాట్‌ఫారం నంబరు చెప్పింది. బయల్దేరుతోందని చెప్పింది. అంతా విని, ఆమె బల్బు ఆర్పి బయటికొచ్చింది.

స్వాతి పెళ్ళి మే రెండో వారంలో. ముహూర్తం పొద్దున పదకొండుకని ఆమెకు ఇతరుల మాటల్లో తెలిసింది. ఆ రోజు సెలవు పెట్టింది. ఎందుకు పెట్టిందో తెలియదు. తలస్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, గదిలో కుర్చీలో కూర్చుంది. బయట అగ్గి కురుస్తోంది. పదింబావుకు ఫోన్ మోగింది. అన్నయ్య.

"మహాలక్ష్మీ, ఎక్కడున్నావ్?"

"ఇంటికాడే."

"ఒకసారి రావాలే. పెళ్ళికొడుకు ఆఫీసు ఫ్రెండ్సు నాగపూర్ నుంచి వచ్చేరు. ఆళ్ళ కోసం మేడ మీద ఏర్పాటు చేసేం, లైసెన్సు తీసుకునే చేసేంలే. పొద్దున్నుంచి టబ్బుల్లో ఐసు పోసి ఉంచేం. ఇప్పుడు తీస్తే ఏదో కంపు. నకిలీ సరుకు పెట్టేరంటన్నారు. మావాడొకడు నోరు పారేసుకున్నాడు. గొడవయ్యీలా ఉంది." గొంతు తగ్గించాడు. "నీకు తెలుస్తాది గదా ఇది."

ఆమెకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. "నీడలోకి తీసీండి ముందు. నేను వస్తన్నాను," అని చెప్పులేసుకుంది.

ఆటో దిగేసరికి పెళ్ళి హాలు ముందు సన్నాయి వినిపిస్తోంది. సన్యాసిరావు పట్టుబట్టలతో పక్క సందులో నిలబడి ఉన్నాడు. ముందు గుమ్మం కాకుండా బయటి మెట్ల మీదుగా ఆమెను పైకి తీసుకెళ్ళాడు. మేడ మీద మూడు ప్లాస్టిక్ టబ్బులు, సగం కరిగిన ఐసు, పైకి పొడుచుకొచ్చిన ఆకుపచ్చ సీసాలు. ఎవరూ నీడలోకి జరపలేదు. చుట్టూ అయిదారుగురు కుర్రాళ్ళు ముఖాలు ముడుచుకుని ఉన్నారు.

ఆమె ఒక సీసా తీయించి వాసన చూసింది. అక్టోబరులో కాలవలో పారబోసిన వాసనే.

"ఇది నకిలీ కాదు నాయనా," అంది హిందీలో, అందరికీ వినిపించేలా. "మంచి సరుకే. ఎండ తగిలింది. ఐసులో ఉన్నా వెలుతురు ఆగదు. పచ్చ గాజులోంచి లోపలికి పోతుంది. మా అన్నయ్య మిమ్మల్ని మోసం చెయ్యలేదు."

"నిజమా ఆంటీ?" అన్నాడొకడు.

"నిజమే. మిగతావి ఎక్కడున్నాయి?"

మెట్ల కింద విప్పని పెట్టెలు ఆరు ఉన్నాయి. వాటిలోంచి ఒక సీసా తెరిచి ఆ కుర్రాడి చేతికే ఇచ్చింది. అతను రుచి చూసి తలూపాడు. గోధుమరంగు సీసాలు టబ్బుల అడుగున కొన్ని ఉంటే ఒకటి తెరిచి చూసి, పర్వాలేదని అవి వేరు పెట్టింది. ఆకుపచ్చవన్నీ తీయించేసింది. కొత్త పెట్టెలు మెట్ల గది నీడలోకి మార్పించి, టబ్బుల మీద తడి గోనెసంచులు రెండేసి కప్పించింది. కుర్రాళ్ళు తామే సీసాలు మోశారు. గొడవ నవ్వుల్లోకి దిగింది.

"పాడైనవి మళ్ళీ బాగు చెయ్యలేమేటే?" అన్నాడు సన్యాసిరావు, పక్కన పెట్టిన సీసాల గుంపు చూస్తూ.

"లేదన్నయ్యా. పారబొయ్యడమే."

అప్పుడు కింద సన్నాయి ఒక్కసారిగా జోరందుకుంది. జీలకర్రా బెల్లం పెడుతున్నారని ఆమెకు అర్థమైంది. సన్యాసిరావు పరుగున దిగిపోయాడు. ఆమె పిట్టగోడ దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది. షామియానా గుడ్డ పైభాగం కనిపించింది, ఎర్రా తెలుపూ చారలు, మధ్యలో నీళ్ళు నిలిచిన మరక. దాని కింద స్వాతి ఉంది. అక్షింతలు వెయ్యడానికి చేతిలో ఏమీ లేదు. అరచేయి ఒకసారి తెరిచి, మళ్ళీ మూసుకుంది.

కాసేపటికి ఎవరో పనిమనిషి విస్తరి తెచ్చి పెట్టింది. పులిహోర, బూరెలు, వంకాయ కూర. జయలక్ష్మి పంపిందట. మహాలక్ష్మి మెట్ల గదిలో పెట్టెల పక్కన కూర్చుని తింది. ఆకలిగానే ఉంది. బూరెలు బావున్నాయి. చెయ్యి కడుక్కుంటుండగా అన్నయ్య పైకి వచ్చాడు.

"తిన్నావా?"

"తిన్నాను. స్వాతిని ఒకపాలి చూడొచ్చా?"

అతను మెట్ల వైపు చూశాడు. "అందరూ అక్కడే ఉన్నారే ఇప్పుడు. ఆళ్ళ అత్తగారు కూడా... తర్వాత చూద్దువులే. నేనే తీసుకొస్తాను ఇంటికి."

"సరేలే."

అతను కింది మెట్టు దాకా వచ్చి, ఆటో పిలిచి ఎక్కించాడు. చిన్నప్పుడు సైకిలు మీద ఎక్కించినట్టు ఆమె చీర కుచ్చిళ్ళు లోపలికి సర్దాడు. అంతవరకే అతని వల్ల అయింది. ఆమె అది అర్థం చేసుకుంది, క్షమించిందో లేదో ఆమెకే తెలియదు.

వారం గడిచింది. స్వాతి నాగపూర్ వెళ్ళిపోయిందని తెలిసింది. అన్నయ్య ఇంటికి తీసుకురాలేదు.

ఆ తర్వాతి శనివారం, మధ్యాహ్నం, కొట్టులో కొత్త పెట్టెల మీద తేదీలు రాస్తుంటే ఫోన్ కూసింది. స్వాతి గొంతు, రికార్డు చేసి పంపింది. ఆ పిల్లకు తెలుగు రాయడం రాదు. మాట్లాడినా సగం హిందీ.

"అత్తా, నువ్వు ఆ రోజు మేడ మీద ఉన్నావని నాకు ఎవ్వరూ చెప్పలేదు. సచ్ మే. ఇప్పుడు ఈయన ఫ్రెండ్సు చెప్తన్నారు, ఎవరో ఆంటీ వచ్చి అంతా ఠీక్ చేసీసింది అని. ఫోటో చూపిస్తే నువ్వు. నేను కింద కూకుని నీకోసమే చూసినాను అత్తా. అమ్మని అడిగితే నువ్వు రానన్నావని చెప్పింది. నువ్వు అలగ అన్నావా?"

ఆమె రెండుసార్లు వింది. బల్బు ఆర్పలేదు. జవాబు చెప్పాలి. మీట నొక్కి, "లేదమ్మా, నేను అనలేదు," అని ఆపేసింది. ఆ మాట వెళ్తే తల్లీ కూతుళ్ళ మధ్య ఏమవుతుందో ఆలోచించి, చెరిపేసింది. మళ్ళీ నొక్కి, "అవునమ్మా, ఒంట్లో బాలేక," అంది. అదీ చెరిపేసింది. ఎవరి కోసం అబద్ధమాడాలో తేలలేదు. పరదా బయట ఎవరో నడిచారు, ఆగలేదు.

చివరికి మూడోసారి నొక్కి, మెల్లగా, తడబడకుండా చెప్పింది.

"నేను వచ్చేనమ్మా. పైనుంచి సన్నాయి విన్నాను. నువ్వు బావున్నావా? అక్కడ ఎండలు ఎక్కువంట, జాగర్త. వీలయితే ఫోన్ చెయ్యి, పొద్దున పదిలోపు, నేను ఇంటికాడే ఉంటాను."

పంపింది. స్వాతి విన్నట్టు ఫోన్లో నీలి గుర్తు పడడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఫోన్ చేతిలో పట్టుకుని, పెట్టెల మధ్య స్టూలు మీద కూర్చునే ఉంది.